బురద గొట్టాల మీద చీమలు

బురదకి చీమలు పట్టడమేమిటి, విడ్డూరం కాకపోతే! ల్యాబులో పరీక్షలు చేసే ఆవిడకి మతి పోయింది. గాజు గొట్టాల్లో చెరువు అడుగు బురద, దాని మీద చెరువు నీళ్ళు, పైన బిగించిన రబ్బరు బిరడా. అంతేగా ఉన్నది! గాలి చొరబడని ఆ బురదలో కంటికి కనపడని జీవులుంటాయి. నీళ్ళలోని నైట్రేటుని తినేసి, గాలిగా మార్చి పైకి వదిలేస్తాయి. ఎంత తినగలవో తేల్చడమే ఆవిడ పని. అవి తినగా మిగిలింది ఊరి కుళాయిల్లోకి వస్తుంది, పసిపిల్లల ప్రాణం మీదికొస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీ ఏమో చెరువులోకి నైట్రేటు కలిసిన మురుగునీళ్ళు ఇంకా వదులుతామని పట్టుబట్టి కూర్చుంది.

ఈ వారం గొట్టాల్లో నైట్రేటు చూస్తూండగానే మాయమైపోతోంది. "చెరువు గట్టిదేనమ్మా, ఫ్యాక్టరీకి సరే అనేద్దాం" అన్నాడు పెద్దసారు. ఆవిడకి మాత్రం మింగుడు పడలేదు. ఓ బిరడా తీసి వేలితో తడిమింది. జిగురు. పంచదార! పంచదార పడితే ఆ జీవులు రెచ్చిపోయి తింటాయి.

ఎవరి పని? ఊడ్చే ఆమె ఆ కంపుకి గుమ్మం దాటి లోపలికే రాదు. పెద్దసారు మోకాళ్ళ నొప్పులతో మేడ దిగడమే మానేశాడు. అసలు పంచదార సంగతి తను ఎవరితో అంది? మొగుడితో. ఆయన ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, ఆవిడ చేతులు కడుక్కొచ్చేదాకా ఈ గదిలోనే కూర్చుంటాడు.

ఛీ ఛీ, కట్టుకున్నవాడి మీద ఇదేం పాడు బుద్ధి! తనని తానే తిట్టుకుంది. అయినా మనసు ఊరుకుంటేగా!

మర్నాడు క్యారియర్ విప్పుతూ ఓ రాయి వేసి చూసింది. "ఏమండీ, పోయిన వారం ఈ గదిలో కెమెరా పెట్టారట."

"ఎక్కడ?" గోడలన్నీ వెతికాయి అతని కళ్ళు.

విప్పిన గిన్నె పక్కన పెట్టేసింది ఆవిడ. "ఎందుకండీ ఇలా చేశారు?"

"అనుమతి రాకపోతే నా ఉద్యోగం పోతుంది. ఎవరికోసం చేశాననుకున్నావ్?"

"ఊళ్ళో పసివాళ్ళంతా ఆ నీళ్ళే తాగుతారు కదండీ! మన బుజ్జిగాడు..."

"వాడికేం కాదే. అందుకేగా నెల్లాళ్ళుగా మనింటికి క్యాన్ నీళ్ళు తెప్పిస్తున్నది!"

రుచి కోసం తెప్పిస్తున్నాడనుకుంది, పిచ్చిది. ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ తన్నుకొచ్చింది. అతను "ఏమే, ఆగవే" అంటూండగానే ఫోను తీసింది.

"సార్, ఈ గొట్టాలన్నీ పారబోయాలి. పరీక్ష మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. చెడగొట్టింది మా ఆయన."