ట్యాంకు పట్టీలు కూర్చే చేయి

"నువ్వు కూర్చో, టీ నేను పెడతాలే," అన్నాడు ఆయన.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె వినని మాట అది. పొయ్యి ఏ పక్కకి తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషి. మొన్న అడక్కుండానే కూరలు తెచ్చాడు. నిన్న బల్ల తుడుస్తుంటే "బాగా తుడిచావే" అన్నాడు. ఇంత మంచితనం ఊరికే పుట్టదు. ఎవత్తెనైనా తగులుకున్నాడా? ఒంట్లో ఏదైనా ఉండి దాస్తున్నాడా?

బల్ల మీద ట్యాంకు ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్లు నడిపిన మధ్యరకం ట్యాంకు, పెట్టెలో ముక్కలుగా వస్తే అతికించుకునే బొమ్మ. పూర్తయితే జానెడు. ఒళ్లు అతకడం, రంగు కొట్టడం ఆయన వంతు. చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు ఆమె వంతు. ఒక్కో పక్కకి డెబ్బై తొమ్మిది లింకులు. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ చట్రంలోంచి కత్తిరించాలి, అంచున మిగిలిన మొటిమ గీకాలి, పక్కదానికి తగిలించాలి. సెలవురోజు అంట్లు తోమాక, మెడ వంచి కూర్చుంటే పొద్దువాలేదాకా అదే. "నీకూ కాలక్షేపమేగా," అంటాడు ఆయన. ఇంటికొచ్చిన వాళ్లకి అత్తగారు అద్దాల బీరువాలో ట్యాంకులు చూపించి, "పదకొండూ మావాడు చేసినవే. చేతిలో విద్య ఉందమ్మా," అంటుంది. "మీ కోడలు కూడా చేస్తుందా?" అంటే, "దానిదేముంది, గిన్నె గీకినట్టు పక్కన కూర్చుని గీకుతుంది," అని నవ్వేస్తుంది.

ఈ వారమంతా ఆయన ప్రశ్నలే. "కత్తి ఎంత వాల్చి పడతావు?" "జిగురు ముందా, లింకు ముందా?" ఆమె చెప్పగానే అటు తిరిగి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. ఎందుకండీ అంటే "ఊరికేనే" అంటాడు. టీలో పంచదార వెయ్యడం మరిచిపోయాడు. ఆమె అలాగే తాగేసింది.

మర్నాడు ఆ 'ఊరికేనే' ఏమిటో తెలిసింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో ఊడిన మరలు బిగించే పని చేస్తుంది. ఆయన వెళ్లే బొమ్మల క్లబ్బు కార్యదర్శి మర ఊడిన కళ్లజోడు పట్టుకుని వచ్చాడు.

"మీ ఆయన చేతులకి దండం పెట్టాలమ్మా," అన్నాడు. "అంత సన్నటి పట్టీలు అలా ఎలా కూరుస్తారో! ఆదివారం పదింటికి ఇరవైమందికి నేర్పుతున్నారు. బోర్డు మీద ఆయన పేరు కూడా రాయించాం."

ఆవగింజంత మర పట్టకారు కొసన నిలిచిపోయింది. ఆమె దాన్ని నెమ్మదిగా కన్నంలో దించి బిగించింది.

"చూసుకోండి సార్, వదులుందేమో."

"భలే! ఏం చెయ్యమ్మా నీది!" అని, జోడు పెట్టుకుని వెళ్లిపోయాడు.

అయితే ఆడదీ కాదు, జబ్బూ కాదు. వారం రోజులుగా ఇంట్లో తిరుగుతున్నది దొంగ. ఆ మాట మనసులో అనుకున్నాక ఆమెకి భయం వెయ్యలేదు. అనుమానమే ఇన్నాళ్లూ బరువుగా ఉంది.

సాయంత్రం ఆయన మళ్లీ పుస్తకం పట్టుకొచ్చాడు. "ఒక్కటే మిగిలిందే. లింకు మీద బాణంలా గీత ఉంది చూడు, అది ఎటు తిరగాలి?"

తలకిందులుగా చెప్తే చాలు. ఇరవైమంది ముందు పట్టీ వెనక్కి తిరిగి, ఆయన పరువు పోతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తప్పుగా కూర్చిన పట్టీ ఎవరి చేతిదైనా ఆమె కళ్లు చూసి ఊరుకోలేవు. అది ఆమె పని.

"నోటితో చెప్పేది కాదండీ," అంది.

"అదేమిటి? నాకు ఆదివారం..." అని ఆగిపోయాడు.

"తెలుసు. పదింటికి."

ఆయన పుస్తకం మూశాడు. "నలుగురిలో నవ్వులపాలు చెయ్యకే. కావాలంటే పక్కన కూర్చుని అందిద్దువుగాని."

ఆమె అప్పటికే ఫోను అందుకుంది. కార్యదర్శి "హలో" అనగానే చెప్పింది: "సార్, పొద్దున మీ జోడు బిగించిన దాన్ని. ఆ పట్టీలు కూర్చేది నేనే. ఆదివారం నేనే వచ్చి నేర్పుతాను, బోర్డు మీద పేరు మార్పించండి. బల్ల కాస్త ఎత్తుగా ఉండేది వేయించండి, పంతొమ్మిదేళ్లుగా వంచీ వంచీ మెడ పోయింది."