మరో ఐదేళ్ల గడువు

వెల్లూరు ఆస్పత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో ఉండగా నాసర్ ఫోనుకి మెసేజ్ వచ్చింది. కారు రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుతో ముగుస్తుందట. పదిహేనేళ్ల కిందట, పెళ్లయిన ఏడాది కొన్న కారది. నొప్పి ఓర్చుకుంటూ జగ్గయ్యపేట నుంచి ఆయనే నడుపుకుంటూ వచ్చాడు. ఇక మందులు పనిచేయవని డాక్టరు ఆ ఉదయమే చెప్పాడు.

“వదిలేయ్ జాకియా. ఇంకెవరు నడుపుతారు?” అన్నాడు నాసర్.

“మీరే నడుపుతారు,” అంటూ ఆయన భార్య నందిగామలో ఉన్న తమ్ముడు సర్ఫరాజ్‌కి ఫోన్ చేసింది.

“రెన్యువల్ అప్లికేషన్ ఫోన్లోనే పెట్టొచ్చక్కా. తనిఖీకి మాత్రం బండిని ఇక్కడి ఆర్టీవో ఆఫీసుకి తేవాలి. బావకి ఓటీపీ వస్తుంది, అడుగు,” అన్నాడు సర్ఫరాజ్.

ఓటీపీ వచ్చింది. నాసర్ ఒక్కో అంకె మెల్లిగా చదివాడు.

ఊరికి తిరిగొచ్చాక తనిఖీకి సర్ఫరాజ్ కారు నడిపాడు. నాసర్ పక్క సీట్లో కూర్చున్నాడు. బానెట్ ఎత్తి చూసిన అధికారి, “కొత్తదానిలా ఉంచారండీ,” అన్నాడు. నెల రోజులుగా నవ్వని నాసర్ అప్పుడు నవ్వాడు.

పోస్టులో కొత్త రిజిస్ట్రేషన్ కార్డు వచ్చేసరికి ఆయన పోయి తొమ్మిది రోజులైంది. జాకియా సంతకం చేసి తీసుకుంది. దాని మీద ఆయన పేరు, మరో ఐదేళ్ల గడువు ఉన్నాయి. గుమ్మంలోనే కూలబడి, ఆ పేరును వేలితో నిమురుతూ ఏడ్చింది.