అరవై ఓములు

పల్లంరాజు గారి కారు తణుకులోని మా వర్క్‌షాపుకి రావడం అది మూడోసారి. ఊరి కాలవగట్టు మీద వెళ్తుంటే డాష్‌బోర్డులో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి ఇంజను ఆగిపోతోందట. నా దగ్గరికొచ్చాక మాత్రం బుద్ధిగా స్టార్టవుతుంది.

"ఈసారి కూడా బాగానే ఉందనకండి దుర్గాశ్రీ గారూ. మా ఆవిడ ఇంక ఈ కారెక్కనంటోంది" అన్నారాయన.

స్కానర్ పెట్టాను. బ్రేకుల కంప్యూటర్‌తో మాటలు మధ్యమధ్యలో తెగిపోతున్నాయంది. ఎక్కడ తెగుతున్నాయో చెప్పలేదు. కారులో కంప్యూటర్లన్నీ మాట్లాడుకునేది మెలేసిన రెండు సన్నటి వైర్ల మీద. బ్యాటరీ విప్పి వాటి మధ్య మీటర్ పెడితే నిరోధం అరవై ఓములు చూపించాలి. చక్కగా అరవయ్యే చూపించింది.

ఏం తోచక కూర్చుంటే సత్తియ్యగారు గుర్తొచ్చారు.

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర ఆయనకి ఆటో ఎలక్ట్రికల్ షాపుండేది. పాలిటెక్నిక్ అయ్యాక పని నేర్పమని వెళ్తే చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం స్టూలు జరిపి, నా చేతిలో టెస్ట్ లాంపు పెట్టారు. సోల్డరింగ్ పొగ, పక్క హోటల్లో పెసరట్టు వాసన కలిసిపోయిన ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. "వైరుని వేళ్ళతో చూడాలమ్మాయ్" అనేవారు. తర్వాత కంప్యూటర్ల బళ్ళొచ్చాయి. ఒక కారుకి మూడు పార్టులు మార్చినా బాగవక, ఓనరు నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆ నెలలోనే ఆయన షట్టరు దించేసి సొంతూరు నిడదవోలు వెళ్ళిపోయారు. ఎనిమిదేళ్ళయింది.

ఫోన్ చేశాను.

"కంప్యూటర్లు నాకేం తెలుసమ్మా."

"కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటానండి. మీరు వైర్లు చూడండి, చాలు."

"పదింటి బస్సుకొస్తాను" అన్నారు.

వచ్చీ రాగానే చొక్కా చేతులు మడిచారు. నేను కారులో మీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఆయన బానెట్ కింద వైర్ల కట్టని జానెడు జానెడూ తడుముతూ, కదుపుతూ వెళ్తున్నారు.

"అరవై... అరవై..." అని చదువుతున్నాను. ఉన్నట్టుండి అంకె ఎగిరింది. "నూట ఇరవై! కదపకండి, అక్కడేనండి!"

బ్రేకుల కంప్యూటర్ కనెక్టరు. పైకి గట్టిగానే ఉంది. విప్పి చూస్తే లోపల ఒక పిన్ను నోరు తెరుచుకుంది.

"పట్టు వదిలేసిందమ్మా. గట్టు మీద కుదుపుకి విడిపోతోంది" అన్నారు. కొత్త పిన్ను ఆయన చేత్తోనే వేయిద్దామనుకున్నాను. ఆయన "నువ్వే వెయ్యి" అని లైటు పట్టుకున్నారు.

పల్లంరాజు గారు మా ఇద్దరినీ ఎక్కించుకుని కాలవగట్టు మీద గతుకులు వెతికి మరీ తోలారు. ఒక్క దీపమూ వెలగలేదు. "ఆయ్, ఇంక మా ఆవిడకి చెప్పుకోవచ్చు!" అని నవ్వారు.

సత్తియ్యగారు కాలవకేసి చూస్తూ అన్నారు. "ఆ రోజు ఆ కారు జబ్బు కూడా ఇలాంటిదేనేమో. కొత్త బండని భయపడి పార్టులు మార్చుకుంటూ పోయాను. వైరు పట్టుకుని చూళ్ళేదు."

టీ కొట్టు దగ్గర కారాపాక ఆయనే అడిగారు, "అంకె రెండింతలెందుకయిందో చెప్పవూ?"

బిల్లు పుస్తకం వెనక రెండు వైర్లకి రెండు గీతలు గీసి, వాటిని కలుపుతూ ఆ చివరా ఈ చివరా చెరో నూట ఇరవై ఓములు రాశాను. "రెండూ కలిసుంటే సగమై అరవై. బ్రేకుల కంప్యూటర్లోది ఊడితే రెండోదొక్కటే మిగిలి నూట ఇరవై" అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కకి జరిగారు.