ఈగలు తినే చెట్టుకు మన్ను

పోలీసు చర్య ముగిశాక, పారిపోయిన దొర మిలిటరీ వెంట ఇబ్రహీంపట్నం గడీకి తిరిగి వచ్చాడు. వస్తూ ఒక చెట్టు తెచ్చాడు. దాని ఆకుల కొసలకు చిన్న చిన్న ముంతలు వేలాడుతున్నాయి. వాటిలో ఈగలు పడి చస్తే చెట్టు తింటుంది. అస్సాం కొండల నుంచి దాన్ని తెప్పించుకున్న మిలిటరీ కెప్టెన్ ఒకడు దొరకు కానుకగా ఇచ్చాడు.

"గిది చావొద్దు సిద్దమ్మా," అన్నాడు దొర. "కెప్టెన్ సాబ్ మల్ల వచ్చి చూస్తడు. బతికుంటే నీ మొగని ముచ్చట ఆయన చెవిల వేస్త."

సిద్దమ్మ గడీ తోటకు నీళ్లు పోసే మనిషి. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు అన్నం పెట్టాడని ఆమె భర్త దశరథను మిలిటరీ పట్టుకుపోయి క్యాంపులో పెట్టింది. అప్పటి నుంచి ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలీ కాలేదు. చెప్పిన పని చేసేది.

తెచ్చే దారిలో చెట్టు కుండీ పగిలింది, మార్చాలి. ఆ ఊళ్లో మడికైనా మొక్కకైనా చేసే మర్యాద ఒకటే: చెరువు ఒండ్రు, గొర్రెల ఎరువు. సిద్దమ్మ అవే నిండుగా పెట్టింది. కొన్నాళ్లకు ముంతలు నల్లబడ్డాయి.

వంటమనిషి నర్సింహమ్మ వచ్చి చూసింది.

"పెంట వేసినవా దీనికి?"

"అవ్. మంచిగ వేసిన."

"ఈగలు తిని కడుపు నింపుకునేదానికి కింద గూడ బువ్వ పెడితే అరుగుతదా? అచ్చం దొర తీర్గ ఉన్నది, కూసున్నకాడికే అన్నీ రావాలె."

సిద్దమ్మకు నవ్వు రాలేదు. మాట మాత్రం పట్టుకుంది. చెట్టును తీసి వేర్లు కడిగింది. వాటికి పాత కుండీలోని నాచు కాస్త అంటుకుని ఉంది. తేలిక, సారం లేదు. అటువంటిది ఇక్కడ దొరకదు. ఎర్రమన్ను ముద్దకడుతుంది, వద్దనుకుంది. వాగు ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి, కొబ్బరి పీచు నానబెట్టి పిండి, రెండూ కలిపింది. బావినీళ్లు ఉప్పన, వాననీళ్లు పట్టి పోసింది. కొత్త ఆకు వచ్చింది, దాని కొసన ముంత వచ్చింది. సంతోషమేమీ కలగలేదు.

కెప్టెన్ వచ్చి చెట్టును మెచ్చుకున్నాడు. దొర చాయ్ తాగుతూ వేట ముచ్చట్లు చెప్పాడు. కెప్టెన్ లేవబోతుంటే సిద్దమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"దొరా, నా మొగని ముచ్చట."

దొర ముఖం చిట్లించి కెప్టెన్‌ను ఉర్దూలో ఏదో అడిగాడు. జవాబు విని ఆమె వైపు తిరిగాడు.

"ఆ క్యాంపు ఎత్తేసిండ్రట. మొన్ననే అందర్నీ నల్లగొండ జైలుకు తోలిండ్రు. గిప్పుడు ఈన చేతుల లేదు."

సిద్దమ్మ తలూపింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నల్లగొండ బస్సు యాడ ఆగుతది దొరా?"