మసకగాజు గోడ

మా ఇంట్లో భోజనం వేళ ఒక్కొక్కరం ఒక్కో మూల ఉండేవాళ్ళం. మనవరాలు మేడమీద ఫోను ముందు, మా అబ్బాయి ఆఫీసు పని ముందు, కోడలు వంటింటి గట్టు దగ్గర నిలబడి, నేను పుస్తకం పట్టుకుని తినేవాళ్ళం. కింది గదిలో మంచం మీద పళ్ళెం పెట్టుకున్న మా అక్కయ్య "ఇది ఇల్లా, రైల్వే వెయిటింగ్ రూమా?" అని గోడనడిగేది. అందుకే ఇంట్లో మార్పులు చేయించాలని కోడలు అన్నప్పుడు నేను అభ్యంతరం చెప్పలేదు. అక్కయ్య మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. కింద ఉన్న ఒక్క స్నానాలగదీ పెరటి వరండా చివర ఉంది. వానలో అక్కడికి వెళ్ళిరావడం ఆమెకు ప్రయాణంతో సమానం. దాన్ని లోపలికి తేవాలన్నది న్యాయమైన కోరిక.

ఆ కోరికను తీర్చడానికి వచ్చిన డిజైనరు మాత్రం నాకు మొదటిరోజే వెగటు పుట్టించాడు. తెల్ల చొక్కా, మెత్తని గొంతు, ప్రతి వాక్యం చివరా అతికించినట్టు ఒక చిరునవ్వు.

"సార్, తలుపంటే ఏంటి? అనుమానం. గోడంటే ఏంటి? దూరం. ఈ ఇంట్లోంచి ఆ రెండూ తీసేద్దాం."

"తలుపంటే తలుపే నాయనా. అనుమానం మనుషుల్లో ఉంటుంది, చెక్కలో ఉండదు."

"మావయ్యగారూ!" అని కోడలు కళ్ళతోనే నన్ను కూర్చోబెట్టింది.

తాయెత్తులు కట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఇంత ధీమాగా మాట్లాడిన వాడు వాళ్ళలో లేడు. 'కుటుంబ ప్రవాహం', 'వెలుగు బంధం' వంటి మాటలు అతని నోట శాస్త్రంలా దొర్లేవి. అవి నిజమో కాదో తేల్చేదెలా అని అడిగితే, "మీరు మరీ లాజికల్ సార్" అని నవ్వేవాడు. మూఢనమ్మకం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తే చదువుకున్నవాళ్ళు లేచి కుర్చీ వేస్తారు.

పని పూర్తయ్యేసరికి వంటింటికీ హాలుకూ మధ్య గోడ లేదు. పెరటి స్నానాలగది వంటింట్లో కలిసిపోయింది. దాని బదులు అక్కయ్య గదికీ హాలుకూ మధ్య కొత్తది వెలిసింది. దాని బయటి గోడకున్న కిటికీ వెలుగు హాల్లోకి రావాలట. అందుకని హాలు వైపు గోడకు ఇటుక బదులు నేల నుంచి కప్పు దాకా మసకగాజు బిగించారు. పక్కకు జరిగే తలుపూ గాజే. దానికి లోపల గడియ లేదు. పైన జానెడు ఖాళీ వదిలారు, గాలి ఆడాలని. మేమందరం వాడుకునేది మేడమీదిది. ఈ గాజుపెట్టె అచ్చంగా అక్కయ్యకే.

"లోపల ఒక మనిషిని ఉంచి, హాల్లో నలుగురిని కూర్చోబెట్టి చూశావా?" అని డిజైనరును అడిగాను.

"ఫోటోల్లో చూశాం సార్. అద్భుతంగా ఉంది."

అక్కయ్య ఆ రోజే అతనికి గాజుబాబు అని పేరు పెట్టింది.

మొదటిరోజు ఆమె లోపలికి వెళ్ళినప్పుడు మేం బల్ల చుట్టూ కూర్చుని ఉన్నాం. గాజు మీద ఆమె ఆకారం బూడిదరంగు మరకలా కదిలింది, వంగింది, కూర్చుంది. ఆ తరువాత విన్నవి రాయను. మనవరాలు పళ్ళెం పట్టుకుని మేడెక్కేసింది. మా అబ్బాయి ఏమీ విననట్టు వాతావరణం గురించి మాట్లాడాడు. నేను పళ్ళెం పక్కకు జరిపాను. నాకు రోత పుట్టింది ఆమె శరీరం మీద కాదు, దాన్ని అలా అంగట్లో పెట్టినవాళ్ళ తెలివి మీద.

మర్నాడు అక్కయ్య గాజుకు తన పాత దుప్పటి కట్టింది. సాయంత్రానికి కోడలు దాన్ని మడతపెట్టి తెచ్చి మంచం మీద ఉంచింది.

"పెద్దమ్మగారూ, వచ్చేనెల ఫోటోలు తీయడానికొస్తారు. డిజైనరుగారి పుస్తకంలో మన ఇల్లు వేస్తారట. అంతవరకూ కాస్త సర్దుకోండి."

"సర్దుకోవడానికి అదేమైనా కొంగా తల్లీ? కడుపు."

కోడలు చెడ్డది కాదు. కిటికీలేని ఒంటిగదిలో పెరిగిన పిల్ల. పొద్దున్నే హాల్లో పడే ఆ వెలుగును చూసి ఆమె నిజంగా మురిసిపోతుంది. "చిన్నప్పుడు మాకు పగలే దీపం వెలిగించాల్సొచ్చేది మావయ్యగారూ" అని ఒకసారి నాతో అంది. ఆ మాట కాదనలేను. కానీ ఆమె వెలుగుకు మూల్యం ఇంకొకరి మానం కావడం నాకు మింగుడుపడలేదు.

ఫిర్యాదు అందుకున్న గాజుబాబు ఒక పరిష్కారం పంపాడు. లోపల దీపం వేయగానే వేణునాదం మోగుతుంది, నిమ్మవాసన చిమ్ముతుంది. అంతకుముందు అక్కయ్య లోపలికి వెళ్ళిన సంగతి హాల్లో ఉన్నవాళ్ళకే తెలిసేది, ఇప్పుడు మేడమీద వాళ్ళకూ తెలుస్తోంది. ఆ నిమ్మవాసన దుర్గంధాన్ని పోగొట్టకపోగా దాని భుజమ్మీద చెయ్యి వేసుకుని ఇల్లంతా తిరిగేది. ఈనాటికీ ఎవరైనా నిమ్మకాయ కోస్తే నేను లేచి అవతలికి వెళ్తాను.

ఒకనాడు మనవరాలి స్నేహితురాళ్ళు వచ్చారు. వేణువు మోగింది. "అదిగో, కచేరీ మొదలు" అంది మనవరాలు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. ఆ నవ్వు గాజుకు అవతల కూడా వినిపించింది. అక్కయ్య బయటికి వచ్చి, ఎవరివంకా చూడకుండా, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. మనవరాలిని నేను మందలించాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని "నేను సరదాకన్నాను తాతయ్యా" అంది. అయితే అప్పటికే అక్కయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఆనాటినుంచి ఆమె మంచినీళ్ళు మానేసింది. మాకెవరికీ తెలియలేదు. జ్వరం వచ్చి, వణుకు పుట్టి, మూత్రంలో మంట అని ఆమె నా చెవిలో చెప్పుకున్నాకే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

"నీళ్ళు ఎన్ని తాగుతున్నారమ్మా?"

"తాగితే వెళ్ళాలి కదమ్మా."

"వెళ్ళండి. అందులో ఏముంది?"

అక్కయ్య నావైపు చూసింది. ఏముందో నేనే చెప్పాను. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి మా అబ్బాయిని ఎగాదిగా చూసింది. "ఇది మళ్ళీ వస్తే మూత్రపిండాలకే ముప్పు. ముందు ఆ గోడ సంగతి చూడండి" అంది.

వాడు చూసిన సంగతి ఇది. గంటగంటకూ కీచుమని అరిచి, ఎర్రగా మెరిసే ఒక నీళ్ళసీసా కొనుక్కొచ్చాడు.

"ఇది గుర్తుచేస్తుంది అత్తా, నువ్వు తాగడం మర్చిపోకుండా."

"నేను మర్చిపోలేదురా. మానుకున్నాను."

"ఒరేయ్, కట్టాల్సింది గోడ" అన్నాను.

"నాన్నా, మీకు ప్రతిదాంట్లోనూ తప్పే కనిపిస్తుంది. ఫోటోలు అయ్యాక చూద్దామన్నాగా! ఇప్పుడు పగలగొడితే మళ్ళీ ఇల్లంతా దుమ్ము."

ఒక ముసలిమనిషి మూత్రపిండాలకు ముప్పని విన్నాక కూడా దుమ్ము గురించి ఆలోచించగలిగిన వాడు నా కొడుకు. ఆ పూట వాడి ఎదురుగా కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు.

ఫోటోల రోజు రానే వచ్చింది. మా అందరి చేతా లేతరంగు బట్టలు కట్టించారు. బల్లమీద ఎవరూ ముట్టుకోకూడని పళ్ళు పేర్చారు. గాజుబాబు మా భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "సార్, కాస్త నవ్వు. పెద్దమ్మగారూ, మనవరాలి వైపు వంగండి. అదీ, కుటుంబమంటే అదీ!"

అక్కయ్య సీసా కీచుమంది.

"దాన్ని ఆపండి ప్లీజ్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఆగదు నాయనా, తాగాలి" అంది అక్కయ్య. మూత తీసి సీసాడు నీళ్ళూ గటగటా తాగింది. బల్లమీది జగ్గు లాక్కుని అదీ తాగింది. తరువాత మోకాళ్ళమీద చేతులానించి లేచింది.

"పెద్దమ్మగారూ, ఇప్పుడా?" అంది కోడలు.

"మరెప్పుడే? చిరునవ్వులు అలాగే ఉంచండి, వస్తాను."

దీపం వెలిగింది. వేణువు మోగింది. నిమ్మవాసన చిమ్మింది. మా అందరి వెనక, కెమెరాకు సరిగ్గా ఎదురుగా, గాజు మీద ఆమె ఆకారం తాపీగా కూర్చుంది. ఇక అణచుకోవడమన్నది ఆమె పెట్టుకోలేదు. దాహంతో ఎండిన కడుపూ, మందులతో చెడిన కడుపూ ఏమేం చేయగలదో అన్నీ చేసింది. వేణువు మధ్యమధ్య ఓడిపోయింది. పైన వదిలిన జానెడు ఖాళీలోంచి గాలి బాగానే ఆడింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించి నేలచూపులు చూశాడు. గాజుబాబు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధి తలుపు వైపు నడిచాడు.

"బాబూ, వెళ్ళిపోతున్నావా?" అని లోపలినుంచి వినిపించింది. "మసకైనా నీ తెల్ల చొక్కా కనిపిస్తోందిలే. కూర్చో. కలిసుండాలనేగా ఈ గోడ తీయించావు!"

మనవరాలు పకపకా నవ్వబోయి, వాళ్ళమ్మ ముఖం చూసి ఆగిపోయింది. మా అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

అక్కయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయ్యిందా ఫోటో?"

"మీరు కావాలనే చేశారు" అంది కోడలు.

"అవునే తల్లీ. నేను ఊరుకుని జ్వరం తెచ్చుకుంటే మీకు వినపడలేదు. అందుకని వినపడేట్టు చేశాను. సిగ్గు నాకొక్కదానికే ఎందుకు, తలాకాస్త పంచుకోండి."

గుమ్మం అవతలినుంచి గాజుబాబు రుమాలు కాస్త జరిపి, "మేడమ్, ఇంకో పొర మసక వేయిద్దామా?" అన్నాడు.

కోడలు అతనివైపు తిరిగింది. ఆ కళ్ళలో అంత అసహ్యం నేను అంతకుముందెన్నడూ చూడలేదు. అందులో కొంత తనమీద తనకే అయి ఉంటుంది. "వద్దండీ. ఇటుక కట్టించండి. చెక్కతలుపు, లోపల గడియ. వెలుగు సంగతి నేను చూసుకుంటాను."

మా అబ్బాయి అప్పుడే ఫోను తీసి మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ మర్నాడు పొద్దున్న వస్తానన్నాడు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అక్కయ్య జ్వరం కదిలించలేని మనుషులను పరాయివాళ్ళ ముందు వచ్చిన ఒక చప్పుడు కదిలించింది. ఆ మాటే ఆమె పక్కన చేరి చెప్పాను.

"ఏదైతే ఏమిట్రా? నీకు కారణం కావాలి, నాకు గడియ కావాలి. అడ్డులే, మళ్ళీ వెళ్ళాలి. జగ్గుడు తాగాను." ఆమె హాలు మధ్య నిలబడి అందరివైపూ చేయి విదిలించింది. "మేస్త్రీ వచ్చేదాకా ఇంతే. నడవండి, అందరూ వీధిలోకి."

వెళ్ళాం. ఫోటోకోసం కట్టుకున్న బట్టలతోనే నేనూ, కొడుకూ, కోడలూ, మనవరాలూ గేటు బయట వరసగా నిలబడ్డాం. కాస్త దూరంలో గాజుబాబు ముఖం తిప్పుకుని నిలుచున్నాడు. దారిన పోయేవాళ్ళు ఏమైందని అడిగితే, "మా అత్త స్నానాలగదిలో ఉంది" అని మా అబ్బాయి తల వంచుకుని చెప్పాడు.