ఇసుక మింగిన మెరుపు

బావ నడిపే కరెంటు లారీ మా షెడ్డు ముందే ఆగిపోయింది. వెనక మంచులో చేపలు. పెదనాన్న బ్యాటరీ ప్లగ్గు లాగి జేబులో వేసుకుని, పెట్టె తెరిచి, మాడిన ఫ్యూజును బయటికి తీశాడు. నా పిడికిలంత తెల్లని పింగాణీ గొట్టం అది. కొత్తది రావాలంటే రెండు రోజులు పడుతుంది.

"రెండ్రోజులా? ఈలోగా చేపలు లేచి నన్నే తరుముతాయి మామయ్యా," అన్నాడు బావ.

"కంగారెందుకు అల్లుడూ. రాగి రేకు బిగిస్తా. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనేగా."

నిజమే. డీజిల్ లారీల్లో ఫ్యూజు పోతే దాని చోట రేకు బిగించి పంపేవాడు. బండి ఎలాగో ఇల్లు చేరేది. కానీ ఫ్యూజు తెగుతుంది, రేకు తెగదు. ఎంత కరెంటు వచ్చినా దారి ఇస్తూనే ఉంటుంది. ఈ లారీలో బ్యాటరీ సరిగ్గా బావ సీటు కింద ఉంది.

వద్దని చెప్పాలి. మాటలతో ఆగే మనిషి కాదు. మాడిన ఫ్యూజును బల్లకు బిగించి రంపం అందుకున్నాను.

"మూగనోము పట్టిన మరదలు ఏం కోస్తోంది? నా పీకేనా?"

గొట్టం విడింది. మెత్తని పొడి ఇసుక జలజలా రాలింది. తెగడానికే పెట్టిన సన్నని వెండి పట్టీ ఉండాల్సిన చోట, వేలెడు పొడవున, బూడిదరంగు గాజు.

ఇసుక గాజు కావాలంటే కొలిమి పూటంతా మండాలి. ఇక్కడ రెప్పపాటు కూడా పట్టలేదు. లోపల లేచిన మెరుపు ఇసుకను కరిగించి, ఆ ఇసుకలోనే ఆరిపోయింది. పింగాణీ మీద వెంట్రుకంత పగులు లేదు. బావకు చప్పుడైనా వినిపించలేదు.

పెదనాన్న ఆ గాజును పక్షిగుడ్డులా అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఇంత మంటా... దీని లోపలే?"

"దీని చోట రాగి రేకు ఉంటే మంట ఎక్కడ లేచేది పెదనాన్నా?"

ఆయన సీటు వైపు చూశాడు. బావ కూడా చూశాడు. చేపలకు వేరే బండి పిలవడానికి ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లాడు.

పెదనాన్న చాలాసేపు వేళ్లు మడుస్తూ ఏవో బండ్లు లెక్కపెట్టాడు. తర్వాత తనూ ఫోన్ తీశాడు.

"ఒరే, నీ లారీలో నేను బిగించిన రేకు ఇంకా ఉందా? ... సరే, బండి తియ్యకు. నేనే వస్తున్నా."