పెదవులు కదలకూడదు

నిమిషానికి ఇంగ్లీషు మూడు వందల నలభై మాటలు. తెలుగు రెండు వందల అరవై. ఒడియా నూట తొంభై. ఈ మూడు అంకెలూ ఒడిశా రాయగడలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేవి. పైన "నాగశ్రీ మేడమ్ వేగం" అని శీర్షిక. రాసింది పిల్లలు కాదు, నేనే. సిగ్గు లేకపోతే సరి.

బ్యాంకు పరీక్షలకీ రైల్వే పరీక్షలకీ వచ్చే పిల్లలకు చదివే వేగం పెంచడం నా పని. కొలత చాలా సులువు. ఫోనులో ఒక నిమిషం పెట్టి చదివిస్తాను. ఎన్ని మాటలు చదివారో లెక్కపెట్టి, కాగితం మూయించి, పది ప్రశ్నలు అడుగుతాను. మూడు వందల మాటలు చదివి ఆరు ప్రశ్నలకే జవాబు చెప్పారంటే వాళ్ళ అసలు వేగం నూట ఎనభయ్యే. మిగతా నూట ఇరవై గాలికి పోయినట్టే. అర్థం కాకుండా పరిగెత్తి ఏం లాభం అని రోజుకు నాలుగుసార్లు అరిచేదాన్ని.

వేగం పెరగడానికి మూడు నియమాలు పెట్టాను. వేలు పెట్టి చదవొద్దు. వెనక్కి పోవద్దు, తెలియని మాట తగిలితే చుట్టూ ఉన్నవాటిని బట్టి ఊహించి ముందుకు పోవాలి. మూడోది, పెదవులు కదలకూడదు. లోపల గొణుక్కుంటూ చదివేవాడు మాట్లాడేంత వేగంతోనే చదవగలడు. అందుకని పెదవుల మధ్య పెన్ను మూత పెట్టించేదాన్ని. మూత కింద పడితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి. పాతికేళ్ళ పిల్లలు పెన్ను మూతలు కరుచుకుని కూర్చుంటే నాకు భలే గర్వంగా ఉండేది.

నేను పార్వతీపురం పిల్లని. పెళ్ళయి ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్ళు. ఒడియా అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి, పేపరు చూసి నా అంతట నేనే నేర్చుకున్నాను. సగం మాటలు మనవే. అక్షరాలు నెత్తిన గుండ్రటి గొడుగు వేసుకుని నిలబడ్డాయి కానీ, కిందకి వంగి చూస్తే అన్నీ తెలిసిన మొహాలే. ఆ ధీమాతోనే ఒడియాలో కూడా నా వేగం కొలుచుకున్నాను. అర్థానికి పదికి తొమ్మిది వచ్చాయి. ప్రశ్నలు వేసిందీ నేనే, జవాబులు దిద్దిందీ నేనే. అందులో తప్పేముందో అప్పుడు నాకు తట్టలేదు.

మా అత్తగారు బంగారమ్మకు ఏ లిపీ రాదు. తెలుగు, ఒడియా, దేశియా మూడూ నోటితో గడగడా మాట్లాడుతుంది. కొండ మీద నుంచి వచ్చేవాళ్ళతో కువి భాషలో కూడా నాలుగు మాటలు ఆడుతుంది. ఇంటి ముందు గదిలో పిండిమర ఉండేది. మామగారు పోయాక ఇరవై రెండేళ్ళు ఆవిడే నడిపింది. సంత రోజున కొండ ఊళ్ళ ఆడవాళ్ళు చోళ్ళ సంచులు, అంటే రాగుల సంచులు, దించి గుమ్మంలో కూర్చునేవాళ్ళు. మర రాయి అరిగిందో లేదో అత్తగారు చూడక్కర్లేదు, చప్పుడు విని చెప్పేసేది. పిండి పట్టి పట్టి ఆవిడ కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ఇంట్లో ఉంటే అమ్మ, మరలో ఉంటేనే బంగారమ్మ అని మా ఆయన విష్ణువర్ధన్ వేళాకోళం చేసేవాడు. నిజమే. ఆ మర లేకపోతే ఆవిడ ఏమవుతుందో మేమెవరమూ ఆలోచించలేదు.

పోయిన ఏడాది జూలైలో, ముసురు పట్టిన ఒక పొద్దున, మునిసిపల్ ఆఫీసు మనిషి వచ్చి ఒడియాలో ఉన్న నోటీసు ఇచ్చి నా సంతకం తీసుకున్నాడు. మా ఇంటి పక్కనే నాళా, అంటే కాలవ. ఎర్రటి నీళ్ళతో నిండుగా పోతోంది. అత్తగారు మర ఆపేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏటమ్మి అది? సదువు, ఇంటాను."

తొమ్మిది లైన్ల కాగితం. నాకు పది గంటలకు క్లాసు. నిలబడే చదివేశాను. యాభై ఆరు మాటలు, పద్దెనిమిది సెకన్లు. తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో! మొదటి లైనులో "ప్రస్తావిత నాళా" అని ఉంది. ప్రస్తావించిన కాలవ అనుకున్నాను. మధ్యలో "సంప్రసారణ" అని తెలియని మాట తగిలింది. ప్రసారం లాంటిదేదో, చాటింపు కాబోలు అని ఊహించి దాటేశాను. నియమం నాదే కదా. ఆఖరున "ఆపత్తి థిలే పందర దిన మధ్యరే లిఖిత జణాఇబే" అని ఉంది. ఆపత్తి ఉంటే పదిహేను రోజుల్లోగా రాసి తెలియజేయాలి. బయట వాన, పక్కన పొంగే కాలవ. ఆపత్తి అంటే ఆపద కాక మరేముంటుంది?

"వరద నోటీసత్తా. కాలవ పొంగి ఆపద ఏటైనా వస్తే ఆఫీసుకి రాసివ్వాలంట."

"అంతేనా? ఇంత కాయితం ఉంది గదా. ఇనపడీలాగ ఓపాలి సదువమ్మి."

"సదివేసేనత్తా. నాకు క్లాసుకి టైమైపోయింది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీ పెదాలు కదల్లేదే?" అంది.

నవ్వాను. "అదే మరి గొప్ప" అన్నాను. ఆవిడ కూడా నవ్వి లోపలికి పోయి మర ఆన్ చేసుకుంది.

కాగితం క్యాలెండరు వెనక దోపాను. విష్ణువర్ధన్ రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్. వానలకు కొరాపుట్ లైన్లో కొండచరియలు విరిగిపడుతున్నాయని అతన్ని ఆ నెలంతా అక్కడే ఉంచేశారు. ఫోనులో చెబితే, "నువ్వు చదివావు కదా, సరే" అన్నాడు. వారం తర్వాత కాలవకు అవతలి గట్టున ఉండే బిశ్వజిత్ బాబు చేతిలో కాగితాలతో ఎదురుపడి, "ఆపత్తి ఇచ్చారా?" అని ఒడియాలో అడిగాడు. "మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు" అన్నాను. ఆయన ఒక క్షణం నన్ను వింతగా చూసి, తలూపి వెళ్ళిపోయాడు. ఆ చూపు కూడా నాకు అర్థం కాలేదు. ఆగి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఆగడం నాకు అలవాటు తప్పింది.

నవంబరులో ఆఫీసు నుంచి టేపులు పట్టుకుని నలుగురు వచ్చారు. మర గది గోడ మీద, సరిగ్గా మధ్యలో, ఎర్ర రంగుతో గీత గీశారు. అత్తగారు మర ఆపి బయటకు వచ్చి ఒడియాలో ఇదేమిటని దెబ్బలాటకు దిగింది. అందులో పెద్దాయన నెమ్మదిగానే చెప్పాడు. కాలవ సంప్రసారణ, అంటే వెడల్పు చేసే పని, నోటీసు ఇచ్చాం, "ఆపణ ఆపత్తి దెఇ నాహాంతి" అన్నాడు. మీరు ఆపత్తి ఇవ్వలేదు, అని.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఆపత్తి ఇమ్మని అడిగేరా? ఎప్పుడడిగేరు?"

"ఆపద రాలేదు గదత్తా, అందుకని..."

"ఆపద కాదే అమ్మి. ఆపత్తంటే, మేం ఒప్పుకోం, మాకిది ఇష్టం లేదని అడ్డు సెప్పడం. సంతలో జాగా కాడ తగువైతే రోజూ అనే మాటే గదా అది. నోటీసులో ఆ మాట ఉందేటి?"

క్యాలెండరు వెనక నుంచి కాగితం తీశాను. ఆఖరి లైను మీద వేలు పెట్టి, పైకి చదివాను. ఆపత్తి థిలే. రెండు మాటలు బయటికి రాగానే ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలు, అంతే. చదువు రాని మనిషికి రెండే మాటలతో మొత్తం అర్థమైపోయింది.

"ఆ పొద్దున ఈ రెండు మాటలూ నోటితో అనుంటే..." అని ఆగిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ జూలై పొద్దున ఆవిడ మర ఆపి, చేతులు తుడుచుకుని, నా ముందు నిలబడి, వినిపించమని అడిగింది. చెవులున్న మనిషి ముందు నేను నోరు మూసుకుని చదివాను. ఇది తలచుకుంటే ఈనాటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆఫీసుకు పరిగెత్తాం. అక్కడ సుభశ్రీ అనే ఉద్యోగిని మ్యాపు పరిచి ఓపిగ్గా చూపించింది. రెండు గట్ల మీదా పద్నాలుగు ఇళ్ళు. పదమూడు ఇళ్ళవాళ్ళు ఆపత్తి రాసిచ్చారు. వాళ్ళందరి గోడలూ తప్పించేసరికి గీత మా వైపు వంగింది. మొదటి మ్యాపులో గీత మా మర గది గోడ అంచుకు మాత్రమే తగిలింది. ఆపత్తి చెప్పనిది మేమే కాబట్టి మేము ఒప్పుకున్నట్టే లెక్క. ఆమె తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. ఆలస్యంగానైనా ఒక అర్జీ పెట్టుకోండి అంటే పెట్టాం.

జనవరిలో గది పడగొట్టారు. మరను ముందురోజే విప్పి పెరట్లోకి చేర్చాం, టార్పాలిన్ కప్పాం. దానికి గదీ లేదు, కరెంటు లైనూ లేదు. సంత రోజున కొండ ఆడవాళ్ళు అలవాటుగా వచ్చి, తవ్విపోసిన మట్టి గట్టు అవతలే సంచులతో నిలబడి, కాసేపు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. మొదట్లో అత్తగారు గుమ్మంలోకి వచ్చి వాళ్ళకు చెయ్యి ఊపి చెప్పేది. తర్వాత రావడం మానేసింది. కూర్చున్న చోటే కూర్చుంటుంది. కనురెప్పల మీద తెలుపు పోయింది. ఆవిడ కనురెప్పలు నల్లగా ఉంటాయని నాకు ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు.

కోచింగ్ సెంటర్ గోడ మీద నా అంకెలు తడిగుడ్డతో తుడిచేశాను. ఉద్యోగం మాత్రం మానలేదు. పరీక్షలకు వేగమే కావాలి, పిల్లలు దానికోసమే వస్తారు. లహరి అనే అమ్మాయి మొన్న నోట్లో మూత పెట్టుకుంటూ, "మేడమ్, తెలియని మాట వస్తే దాటేయొచ్చు కదా?" అని అడిగింది. దాటేయమనే చెప్పాను. చెప్పి బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అర్జీకి జవాబు మార్చిలో వచ్చింది. విష్ణువర్ధన్ డ్యూటీలో ఉన్నాడు. అత్తగారి పక్కన చాప మీద కూర్చున్నాను. వేలు పెట్టి, ఒక్కొక్క మాట విడదీసి, పైకి చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ప్రతి మాటకీ తలూపుతోంది. నాకు తెలియని చోట ఆగితే అర్థం చెబుతోంది. "నిర్ధారిత సమయ మధ్యరే కౌణసి ఆపత్తి" దాకా చదివాను. పెట్టిన గడువు లోపల ఏ ఆపత్తీ... ఆ మాట దగ్గర ఆగాను. వేలు అక్కడే ఉండిపోయింది.

"మిళి నథిబారు" అంది ఆవిడ. అందనందున, అని.

కాగితంలో చూశాను. అక్షరాలా అదే ఉంది.

"మిగతాది కూడా సదువమ్మి" అంది, గోడకేసి చూస్తూ. "బేగి లేదు, నెమ్మదిగానే సదువు. ఇంటన్నాను."

అర్జీ తోసిపుచ్చుతున్నామనే ఆఖరి మాట దాకా చదివాను. నలభై ఎనిమిది మాటలకు నాలుగు నిమిషాలు పట్టింది. ఈసారి పది ప్రశ్నలు అక్కర్లేదు. నాకు పూర్తిగా అర్థమైంది.